అమ్మమ్మ కూనిరాగం, 54 బీట్లు, ఒక నల్ల మెట్టు

ప్రశ్న: మా అమ్మమ్మ పోయి ఈ మాఘమాసానికి ఏడాది. సంవత్సరీకానికి చుట్టాలంతా మల్కాజ్‌గిరిలో మా ఇంట్లోనే ఉంటారు కాబట్టి, ఆ సాయంత్రం ఆవిడ పేరు మీద ఒక చిన్న పియానో పీస్ వాయిద్దామని రాసుకున్నాను. బియ్యం ఏరుతూ ఆవిడ ఎప్పుడూ తీసే కూనిరాగం ఒకటి పాత ఫోన్ వీడియోలో దొరికింది. దాన్నే తీసుకున్నాను. ఏ మైనర్ (A minor), 4/4, నిమిషానికి 54 బీట్లు, మొత్తం 40 బార్లు. బాగా సాడ్‌గా రావాలని స్లోగా పెట్టాను. ఎవరికీ ఏడుపు రాలేదు సరికదా, మా ఆయన ‘దెయ్యం సినిమా మొదట్లో వచ్చేదిలా ఉంది’ అన్నారు. మా అమ్మాయి ‘నిద్రొస్తోందమ్మా’ అంది. మా పియానో మాస్టారు సి షార్ప్ మైనర్‌కి మార్చమంటున్నారు, అందులో లోతు ఎక్కువట. చిన్నప్పుడు కర్ణాటక గాత్రం వర్ణాల దాకా నేర్చుకున్నాను. పియానో మొదలుపెట్టి మూడేళ్ళు. ఇంట్లో ఉన్నది డిజిటల్ పియానో. టెంపో పెంచాలా, తగ్గించాలా? కీ మార్చాలా? పీస్‌కి పేరు కూడా మీరే చెప్పండి. నా నోటేషన్, రికార్డింగ్, అమ్మమ్మ వీడియో పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: మీరు పంపినవాటిలో అమ్మమ్మ గారి వీడియో ముందు విన్నాను, మీ రికార్డింగ్ తర్వాత. రెండూ ఒకే పాట అని పట్టుకోవడానికి నాకు కాసేపు పట్టింది. మీ ప్రశ్నకి జవాబు చాలావరకు అక్కడే ఉంది.

ఆవిడ చేట చెరుగుతూ, రాళ్ళు ఏరుతూ తీసినది ఇది: సగరి, సనిస, గమగ, రీ. ‘తకిట’ నడక. తిశ్రం. ఒక్కో తకిటకి తొడ మీద ఒక దెబ్బ వేసుకుంటూ వింటే నిమిషానికి 56, 58 మధ్య వస్తోంది. అంటే మీరు పెట్టుకున్న 54కి పక్కనే. మీరు స్లో చేశాననుకున్నారు కానీ, దెబ్బ వేగం అసలు పెద్దగా మారనే లేదు. మారింది వేరే. ఆవిడ ఒక్క దెబ్బలో అనేసిన ‘సగరి’ మీ కాగితం మీద ఒక పూర్తి బార్ అయింది: ఏ ఒక బీట్, సి ఒక బీట్, బి రెండు బీట్లు. ఆవిడ నాలుగు దెబ్బల్లో, నాలుగున్నర సెకన్ల లోపే ముగించిన వాక్యానికి మీకు 16 బీట్లు, దాదాపు 18 సెకన్లు పట్టింది. పాట నాలుగు రెట్లు సాగింది. అంత సాగితే దాన్ని వినేవాళ్ళు పాటగా వినరు, విడివిడి స్వరాలుగా వింటారు. మీ అమ్మాయికి నిద్ర అందుకే వచ్చింది.

మీరు సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడే ఉంటారు. తాళం వేసే చెయ్యి మారదు, అందులో పడే స్వరాల లెక్క మారుతుంది. పియానో వాళ్ళు టెంపో అనేది మొదటిదాన్ని. వినేవాళ్ళు ‘స్లోగా ఉంది’, ‘స్పీడ్‌గా ఉంది’ అనేది చాలాసార్లు రెండోదాన్ని చూసి. కాబట్టి ఆ 54ని అలాగే ఉంచండి. 4/4 తీసేసి 6/8 పెట్టండి, అంటే బార్‌కి నాలుగు బీట్ల బదులు రెండు దెబ్బలు. డాటెడ్ క్వార్టర్ (అంటే ఆ ఒక్క దెబ్బ) 54, ఒక్కో దెబ్బలో మూడు చిన్న స్వరాలు, ఆవిడ పాడినట్టే. మీ 40 బార్లు 20 బార్లు అవుతాయి, పాట మొత్తం 44 సెకన్లలో అయిపోతుంది. ఇంతేనా అనుకోకండి. అప్పుడు దాన్ని మూడుసార్లు వాయించే చోటు దొరుకుతుంది. ఆ మూడుసార్లలో ఏం చేయాలో కింద చెప్తాను, అసలు పని అంతా అక్కడే.

ముందు పియానో గురించి ఒక మాట. గొంతుతో ఒక స్వరాన్ని పట్టుకుని పెంచవచ్చు, ఊపవచ్చు. వీణ మీద తీగ లాగవచ్చు. పియానోలో మెట్టు నొక్కిన మరుక్షణం నుంచి ఆ స్వరం తగ్గుతూ పోవడమే. డిజిటల్ పియానో కూడా దాన్నే అనుకరిస్తుంది. పై స్థాయిలో ఇంకా తొందరగా ఆరిపోతుంది. మీ పీస్‌లో బి మీద రెండు బీట్లు, అంటే రెండు సెకన్లకి పైనే ఆగుతున్నారు, అదీ మధ్య సి కంటే బాగా పైన. ఎడమ చేతిలో రెండు బార్లకి ఒక కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు), దాదాపు తొమ్మిది సెకన్లు అదే కార్డ్. పైన స్వరం ఆరిపోతోంది, కింద ఏమీ కదలడం లేదు. అలాంటి ఖాళీలో చెవి ఏదో రాబోతోందని ఎదురుచూస్తుంది. మీ వారికి దెయ్యం సినిమా గుర్తొచ్చింది అంటే ఆయన చెవి బాగానే పనిచేస్తోంది.

నెమ్మదైన పియానో పీస్‌లు రాసినవాళ్ళు ఈ ఆరిపోవడాన్ని దృష్టిలో పెట్టుకునే రాశారు. మీ మాస్టారు సి షార్ప్ మైనర్ అన్నారంటే ఆయన మనసులో ఉన్నది బీతోవెన్ 1801లో పూర్తి చేసిన మూన్‌లైట్ సొనాటా అయ్యుంటుంది. దాని మొదటి భాగానికి రాసిన గుర్తు అడాజియో, అంటే నెమ్మదే. కానీ లోపల మొదటి బార్ నుంచి దాదాపు చివరిదాకా మూడు మూడుగా స్వరాలు నడుస్తూనే ఉంటాయి. మళ్ళీ మన తకిటే. స్వరకర్త షోపాన్ రాసిన ఈ మైనర్ (E minor) ప్రెల్యూడ్ అనే చిన్న పీస్, 1839లో అచ్చయినది, మొత్తం 25 బార్లు. కుడి చేయి చాలాసేపు బి, సి అనే రెండు స్వరాల మధ్యే వేలాడుతుంది. ఎడమ చేయి మాత్రం కార్డులు కొడుతూనే ఉంటుంది, అవి ఒక్కో స్వరం అరమెట్టు చొప్పున దిగుతూ పోతాయి. గుర్తు లార్గో, అంటే బాగా నెమ్మది, కానీ ఎవరికీ నిద్ర రాదు. షోపాన్ పోయినప్పుడు 1849లో పారిస్ మాడెలిన్ చర్చిలో దాన్ని ఆర్గన్ మీద వాయించారు. మూడేళ్ళ అనుభవంతో మీరు దాన్ని నేర్చుకోవచ్చు. నేర్చుకోండి, మీ పీస్‌కి అంతకంటే మంచి ట్యూషన్ లేదు.

ఇక కీ సంగతి, అంటే పాటకి ఏ స్వరాన్ని షడ్జమంగా పెట్టుకోవాలన్నది. మాస్టారి మాట మీద గౌరవం ఉంచుతూనే చెప్తున్నాను, సి షార్ప్ మైనర్‌కి మార్చకండి. ఇవాళ్టి పియానోలో పన్నెండు అరమెట్లూ సమానమైన దూరంలో ఉంటాయి. ఏ మైనర్‌లోని పాటని అలాగే ఎత్తి సి షార్ప్ మైనర్‌లో పెడితే స్వరాల మధ్య బంధుత్వం పిసరంత కూడా మారదు. ఎత్తు మారుతుంది, వేళ్ళ కింద ఆకారం మారుతుంది. గాత్రం నేర్చుకున్న మీకు ఇది వింత కాదు కదా. నాలుగు శ్రుతిలో పాడినా ఆరు శ్రుతిలో పాడినా నఠభైరవి రాగం నఠభైరవే.

ఒక్కో కీకి ఒక్కో గుణం అంటగట్టిన జాబితాలు ఉన్న మాట నిజమే. అన్నిట్లోకీ పేరు మోసినది షూబార్ట్ అనే జర్మన్ రాసినది, ఆయన పోయాక 1806లో అచ్చయింది. ఆ కాలపు వాయిద్యాలని అన్ని కీలకీ సమానంగా శ్రుతి చేసేవాళ్ళు కాదు కాబట్టి, ఒక్కో కీ నిజంగానే కొంచెం వేరుగా పలికేది. మాస్టారు మరీ పట్టుబడితే ఆ జాబితానే చూపించండి. అందులో ఏ మైనర్ పక్కన రాసి ఉన్నది భక్తి గల స్త్రీ స్వభావం, మృదుత్వం. మీ అమ్మమ్మ గారికి అంతకంటే ఏం కావాలి!

మైనర్ అయితే దుఃఖం, మేజర్ అయితే సంతోషం అన్న లెక్క కూడా సగమే పనిచేస్తుంది. మోట్సార్ట్ ‘టర్కిష్ మార్చ్’ మొదలయ్యేది మీ ఏ మైనర్‌లోనే, దాన్ని విని ఏడ్చినవాళ్ళు లేరు. ఎరిక్ సతీ అనే ఫ్రెంచ్ స్వరకర్త 1888లో రాసిన మొదటి ‘జిమ్నోపెదీ’ మీద ‘నెమ్మదిగా, బాధగా’ అని రాసి ఉంటుంది, కీ మాత్రం డి మేజర్. మొదటి రెండు కార్డులూ మేజర్ సెవెన్తులే (మేజర్ కార్డ్‌కి ఇంకో స్వరం చేర్చినవి). ఆ రెండింటి మధ్య ఊగుతూ నాలుగు బార్లు గడిచాక గానీ పాట రాదు. బాధంతా ఆ ఊగడంలోనూ, పాట ఎక్కడా గట్టిగా నిలబడకపోవడంలోనూ ఉంది.

మీ డిజిటల్ పియానోలో ట్రాన్స్‌పోజ్ అనే సదుపాయం ఉండే ఉంటుంది. వీడియోలో అమ్మమ్మ గారి షడ్జమం మధ్య సి కింద ఉన్న ఎఫ్ దగ్గర ఉంది, అంటే నాలుగు శ్రుతి. మీరు పాటని మధ్య సి పైన ఉన్న ఏ నుంచి మొదలుపెట్టారు. ఒక ఆక్టేవ్ కింద, మధ్య సికి దిగువన ఉన్న ఏ నుంచి వాయించి, ట్రాన్స్‌పోజ్‌లో మైనస్ 4, అంటే నాలుగు అరమెట్లు కిందికి, పెట్టండి. వేళ్ళు ఏ మైనర్‌లోనే ఉంటాయి, వినిపించేది సరిగ్గా ఆవిడ ఎత్తు. ఇదేదో దొంగపని అనుకోకండి, హార్మోనియం వాళ్ళు స్కేల్ ఛేంజర్‌తో చేసేది ఇదే. ముప్పై నలభై ఏళ్ళు ఆ గొంతు విన్న మీ అమ్మ గారు, పిన్నులు ‘ఎఫ్ మైనర్’ అని గుర్తుపట్టరు, కానీ ఆ ఎత్తులో ఆ నాలుగు తకిటలు వినిపిస్తే వాళ్ళ ముఖాలు మీరే చూస్తారు. నన్నడిగితే, మీ పీస్‌లో కీ గురించి ఆలోచించదగ్గ కారణం ఇది ఒక్కటే.

ఒక జాగ్రత్త. అంత కిందికి దిగినప్పుడు ఎడమ చేతి కార్డులు ఇప్పటిలా దగ్గర దగ్గరగా పేర్చితే బురదలా వినిపిస్తాయి. కింద ఒక్క స్వరం, కాస్త పైన మిగతావి, మధ్యలో ఖాళీ. అలా విడదీయండి.

ఇప్పుడు ఆ నల్ల మెట్టు. మీ నోటేషన్ మొత్తంలో నల్ల మెట్టు ఒక్కటే ఉంది, జి షార్ప్. నిషాదం వచ్చిన ప్రతిచోటా అదే పెట్టారు. మైనర్ పీస్‌లలో అలా చూసి ఉంటారు, తప్పేం కాదు. కానీ వీడియో మళ్ళీ వినండి. ‘సనిస’ దగ్గర ఆవిడ పలికేది కైశికి నిషాదం, మామూలు జి. మీరు దాన్ని కాకలి, అంటే అరమెట్టు పైనున్న జి షార్ప్, చేశారు. ఆవిడ నఠభైరవిలో కూనిరాగం తీస్తుంటే మీరు కీరవాణి రాగం రాశారన్నమాట. జి షార్ప్ ఎప్పుడూ పైనున్న ఏ వైపు లాగుతుంది, ‘పద, పద’ అంటుంది. ప్రతి బార్‌లోనూ ఎవరో తొందరపెడుతున్నట్టు ఉంటుంది, పాట మాత్రం స్లోగా ఉంటుంది. ఆ గుబులు అందుకే. అన్ని జి షార్ప్‌లూ కొట్టేయండి. ఈ మేజర్ (E major) కార్డులు ఉన్నచోట ఈ మైనర్ (E minor) వాడండి. సగం పని అయిపోతుంది.

ఆ మెట్టుని ఒక్కసారి కోసం దాచుకోండి. ఎక్కడో చెప్తాను.

మొదటిసారి పాటని ఒంటరిగా, ఒక్క చేత్తో, కార్డులు లేకుండా వాయించండి. ఆవిడ ఎత్తులో, ఆవిడ నడకలో. పెడల్ కూడా వద్దు. రెండోసారి ఎడమ చేయి చేరుతుంది: ఒక్కో బార్‌లో మొదటి దెబ్బకి కింద ఒక స్వరం, రెండో దెబ్బకి పైన చిన్న కార్డ్. సతీ చేసినది ఇలాంటిదే, ఆయనది 3/4 అంతే. బార్‌కి ఒకసారి కార్డ్ మారితే రెండు సెకన్లకి పైచిలుకు, అది చాలు. కార్డ్ మారిన ప్రతిసారీ పెడల్ తీసి వేయండి. మామూలు కీబోర్డులతో వచ్చే చిన్న పెట్టెలాంటి పెడల్‌కి ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. సగం నొక్కడం అనేది దానికి తెలియదు. కాబట్టి పూర్తిగా ఎత్తి, పూర్తిగా నొక్కండి.

మూడోసారి. పాట రెండో సగంలో గాంధారం మీద, అంటే సి మీద, ఆవిడ ఒక పెద్ద నిలుపు నిలుస్తారు చూడండి. బహుశా అక్కడ చేటలో రాయి కనబడి ఉంటుంది. ఆ సిని పైన పట్టుకుని, కింద మొదటి దెబ్బకి ఎఫ్ మేజర్, రెండో దెబ్బకి ఎఫ్ మైనర్, తర్వాతి బార్‌లో సి మేజర్ వేయండి. పైన సి కదలదు, అది మూడు కార్డుల్లోనూ ఉంది. లోపల మాత్రం ఏ, ఏ ఫ్లాట్, జి అని ఒక స్వరం మెల్లిగా దిగుతుంది. ఆ ఏ ఫ్లాట్ ఏమిటి? మీరు ఇందాక కొట్టేసిన జి షార్ప్ మెట్టే. అప్పుడు పైకి లాగింది, ఇప్పుడు కిందికి ఒదుగుతుంది. మీ భాషలో చెప్పాలంటే గాంధారాన్ని షడ్జమం చేసి గ్రహభేదంతో శంకరాభరణంలోకి వెళ్ళారు, చతుశ్రుతి ధైవతం బదులు ఒక్క క్షణం శుద్ధ ధైవతం తగిలించి సరసాంగి రాగం వాసన చూపించి వెనక్కి వచ్చారు. పీస్ మొత్తంలో నల్ల మెట్టు ముట్టుకునేది అప్పుడే కాబట్టి, సంగీతం రానివాళ్ళకి కూడా అక్కడ ఏదో జరిగిందని తెలుస్తుంది. దాన్ని గట్టిగా కొట్టి చూపించకండి, మిగతావాటికంటే ఒక పిసరు తక్కువే నొక్కండి. చివర్లో నెమ్మదించాలనిపిస్తే ఈ చోట నెమ్మదించండి, ఆఖరి బార్‌లో కాదు.

మిగతా చోట్ల ఎడమ చేయి తాళం తప్పకూడదు. షోపాన్ తన శిష్యులకి ఎప్పుడూ చెప్పేది అదే, ఎడమ చేయి కాలప్రమాణం పట్టుకోవాలి, కుడి చేయి దాని మీద స్వేచ్ఛగా ఆడుకోవచ్చు అని.

ఆ 54 కూడా శిలాశాసనం కాదు. షూమాన్ రాసిన ‘ట్రాయ్‌మెరై’ అనే చిన్న పియానో పీస్ మీద అచ్చులో నిమిషానికి 100 అని ఉంటుంది, పేరున్న పియానిస్టులు చాలామంది అంతకంటే బాగా నెమ్మదిగా వాయిస్తారు. షోపాన్ ఈ మేజర్ (E major) ఎట్యూడ్‌కి (ఓపస్ 10లో మూడోది) చేతిరాతలో మొదట ‘వివాచే’, అంటే హుషారుగా, అని రాసుకుని, 1833లో అచ్చయ్యేసరికి ‘లెంతో’ అని నెమ్మదిలోకి దిగాడు. అదే పాట, రాసినవాడే రెండు రకాలుగా ఆలోచించాడు. మీరు మెట్రోనోమ్ ఆపేసి, బియ్యమో పప్పో ముందు పెట్టుకుని ఏరుతూ పాడండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. నవ్వులాట కాదు, చేతులకి పని ఉంటే గొంతు తన వేగం తనే వెతుక్కుంటుంది. దాన్ని కొలిచి, వచ్చిన అంకె వేసుకోండి. 52 వచ్చినా 60 వచ్చినా సరే. పైన ఇటాలియన్‌లోనే రాయాలన్న రూల్ లేదు. సతీ ఫ్రెంచ్‌లో రాసుకున్నాడు. మీరు ‘పని చేసుకుంటూ పాడినట్టు’ అని రాసుకోండి, చాలు.

అన్నట్టు, మీ రికార్డింగ్‌లో వెనక గోడ గడియారం వినిపిస్తోంది. అది 60, మీరు 54. రెండూ కలవక వినేవాళ్ళ చెవి కొట్టుకుపోతుంది. ఆ పూటకి గడియారంలో బ్యాటరీ తీసేయండి, ఫ్యాన్ ఒకటిలో పెట్టండి. పియానో స్పీకర్లు వెనక వైపు ఉంటే గోడకి మరీ ఆనించకండి. మల్కాజ్‌గిరి కాబట్టి రైలు కూత ఎలాగూ తప్పదు, ఒకటి వెళ్ళాక మొదలుపెట్టండి.

ఆఖరుది, మీరు అడగనిది. ఉత్తరంలో ‘బాగా సాడ్‌గా రావాలని’ అన్నారు. ఆ వీడియో చివర్లో ఆవిడ ఎవరినో ఏదో అని పకపకా నవ్వుతున్నారు, విన్నారుగా. ఆ నవ్వు ఉన్న మనిషి మీద రాసిన పీస్‌లో మొదటి రెండు ఆవృత్తాలూ హాయిగా ఉండటమే న్యాయం. ఏడవాల్సినవాళ్ళు ఆ హాయికే ఏడుస్తారు. మూడోసారి మీరు ఎలాగూ ఎఫ్ మైనర్ కార్డ్ వేస్తున్నారు.

పేరు చెప్పమన్నారు. మూన్‌లైట్ అన్న పేరు కూడా బీతోవెన్ పెట్టింది కాదు, రెల్‌స్టాబ్ అనే విమర్శకుడు వెన్నెలతో పోల్చి రాసిన మాట తర్వాత అలా అంటుకుపోయింది. మీరు పేరు చెప్పకుండా వాయించేయండి. గదినిండా పిన్నులు, అత్తయ్యలు ఉంటారు, కాఫీలు అయ్యేలోపు ఎవరో ఒకరు పెట్టేస్తారు.